ఫోను పెద్దల చేతిలోనే ఉండనివ్వండి

గత సంచికలో ఈ శీర్షిక కింద, అరవై ఏళ్లు దాటినవారు ఫోనుతోనూ, ఫోను ద్వారా జరిగే పనులతోనూ పడుతున్న ఇబ్బందులను రాసి పంపమని పాఠకులను కోరాను. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం కొడుకులు, కూతుళ్లు, కోడళ్లు రాసినవే. పెద్దలు తమ చేతితో తాము రాసి పంపినవి మూడే మూడు. ఆ మూడింటినీ తప్పకుండా వేయాలని నిశ్చయించుకుని, మిగతావాటిలో పదిమందికీ పనికివచ్చే మూడింటిని ఎంచుకున్నాను. కొన్ని జవాబులు పొడవుగా ఉన్నాయి. ఆ ప్రశ్నల వెనుక ఉన్న బాధ రెండు ముక్కలతో తీరేది కాదని అనిపించి అలాగే ఉంచాను.

ప్రశ్న: మా అత్తగారికి 68 ఏళ్లు. మామగారు పోయినాక ఆమె పేరున కుటుంబ పింఛను వస్తోంది. టచ్ ఫోను కొనిచ్చి ఏడాది దాటింది. ఎన్నిసార్లు చెప్పినా మరుసటి రోజుకు మరచిపోతారు. విసుగు వచ్చి చివరికి మేమే చేసి పెడుతున్నాము. ఈ వయసులో ఆమెకు నేర్పడం అసలు సాధ్యమేనా?
— ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: సాధ్యమేనమ్మా. అయితే ఆమె మరచిపోతున్నారన్న మీ మాటను ఒకసారి పక్కన పెట్టి, నేర్పే సమయంలో ఏమి జరుగుతోందో గమనించండి. సాధారణంగా ఇళ్లలో జరిగేది ఇది: పెద్దావిడ ఫోను పట్టుకుని వస్తారు, "ఇట్లియ్యి అత్తా" అంటూ మనం దాన్ని తీసుకుంటాము, మన బొటనవేలు నాలుగు చోట్ల టకటకా కదులుతుంది, "చూశావా, ఇంతే" అని తిరిగి ఇచ్చేస్తాము. ఆ నాలుగు కదలికలకూ పట్టిన సమయం నాలుగైదు క్షణాలు. ఆమె కళ్లజోడు సరిచేసుకునేలోపే పని ముగిసిపోయింది. ఆమె చేయి ఆ పనిని ఒక్కసారి కూడా చేయలేదు కనుక మరచిపోవడానికి అక్కడ నేర్చుకున్నదంటూ ఏమీ లేదు.

నేను ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటరులో పనిచేసి, ఎందరో పెద్దవాళ్లకు చలానా నింపడం, ఏటీఎం వాడడం ఓపికగా చెప్పినదాన్ని. అయినా మా అమ్మ విషయంలో రెండేళ్లపాటు ఇదే తప్పు చేశాను. అనంతపురంలో మా ఇంటి వరండాలో కూర్చుని ఒకరోజు ఆమె, "నువ్వు చూపించేది సరే, నన్ను ముట్టుకోనిస్తే కదా తెలిసేది" అన్నది. ఆ మాటకు నాకు జవాబు దొరకలేదు. అప్పటి నుంచి నేర్పేటప్పుడు నా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. నోటితో చెప్పడమే తప్ప వేలు పెట్టకూడదు. మొదటి వారం ఇది నేర్పేవారికే కష్టంగా ఉంటుంది, చేయి దానంతట అదే ముందుకు పోతుంది. నేర్చుకునేవారు తప్పు చోట నొక్కినప్పుడు కూడా ఆగాలి. ఎందుకంటే తప్పు చోట నొక్కి, అక్కడి నుంచి తానే బయటపడిన మనిషికి ఫోను అంటే భయం పోతుంది.

అందుకే నేను అన్నిటికంటే ముందుగా నేర్పేది వెనక్కి రావడం. కాల్ చేయడం, సందేశం పంపడం ఆ తరువాతి సంగతి. "ఎక్కడో ఏదో నొక్కితే ఫోను చెడిపోతుంది, కొడుకు వేల రూపాయలు పోసి కొన్నది" అన్న దిగులు పెద్దవారిలో ఎంత బలంగా ఉంటుందో మనం ఊహించము. ఎక్కడ చిక్కుకున్నా మొదటి తెరకు తిరిగి రావచ్చునని వారికి చేతితో తెలియాలి. రెండు రోజులు కేవలం ఏదో ఒక బొమ్మ తెరవడం, వెనక్కి రావడం, మరొకటి తెరవడం, వెనక్కి రావడం చేయించండి.

వేలి సంగతి కూడా చెప్పాలి. ఫోను తెర మన వేలి ఒత్తిడిని చూసి పనిచేయదు, వేలి చర్మంలోని స్వల్పమైన విద్యుత్ గుణాన్ని గుర్తించి పనిచేస్తుంది. వయసు మీద పడి చర్మం ఎండి గట్టిపడినప్పుడు, ఏళ్ల తరబడి చేలో, రోటి దగ్గర, రాతి పనిలో అరిగిన వేళ్లకు తెర సరిగా స్పందించదు. అప్పుడు పెద్దవారు గట్టిగా అదిమి పట్టుకుంటారు. ఫోను దాన్ని "నొక్కి పట్టుకోవడం"గా భావించి, బొమ్మను కదిలించడమో, తొలగించమంటారా అని అడగడమో చేస్తుంది. పనిచేయనిది వేలు అయితే, మనం తప్పు పట్టేది వారి తెలివిని. చేతులు కడిగి, కొంచెం తడి ఉండగానే తుడుచుకుని, వేలి కొనతో కాక మెత్తటి భాగంతో తాకమని చెప్పండి. ఫోను సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనే భాగంలో, ఎంతసేపు నొక్కితే "పట్టుకోవడం"గా లెక్కించాలో ఆ వ్యవధిని పెంచే ఏర్పాటు ఉంది. డిస్‌ప్లే భాగంలో అక్షరాల పరిమాణాన్ని పెంచవచ్చు, ఫోను భాషను తెలుగుకు మార్చవచ్చు. ఈ మూడూ చేయకుండా పాఠం మొదలుపెట్టకండి. శుక్లాలు ఉన్నాయేమో కంటి వైద్యులకు చూపించడం కూడా పాఠంలో భాగమే.

వారానికి ఒకే పని నేర్పండి. ఆ పనిని ఆమె తన మాటలలో, తన చేతిరాతతో ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి. మీరు రాసిస్తే అది మీ పుస్తకమవుతుంది. నేను నేర్పిన ఒక పెద్దావిడ వాట్సాప్‌కు "పచ్చ గుండ్రంలో ఫోను బొమ్మ" అని రాసి, పక్కన ఆ బొమ్మ గీసుకున్నారు. పేరు గుర్తుండకపోయినా బొమ్మ గుర్తుంటుంది. ఏ పనితో మొదలుపెట్టాలన్నది ఆమెనే అడగండి. మనకు కరెంటు బిల్లు ముఖ్యమనిపిస్తుంది. ఆమెకు పుట్టింటి ఊరి జాతర వీడియో చూడాలని ఉండవచ్చు. మైకు బొమ్మ నొక్కి తెలుగులో మాట్లాడితే చాలు, టైపు చేయనవసరం లేకుండానే వెతికి పెడుతుందని తెలిసిన రోజున ఆమె మొహం చూడండి. బిల్లులు తరువాత వాటంతట అవే వస్తాయి.

ప్రశ్న: రైల్వేలో పనిచేసి విరమించినాను. 74 ఏళ్లు. ప్రతి నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం నెట్ సెంటరుకు పోతే వేలిముద్ర పడదు. గత ఏడాది మూడు రోజులు తిరిగినాను. పిల్లవాడు బెంగళూరులో ఉన్నాడు, సెలవు పెట్టి రావలసి వచ్చింది. నేను బతికే ఉన్నానని చెప్పుకోవడానికి ఇంత తిప్పలు పడాలా?
— ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలోని చివరి వాక్యాన్ని రెండుసార్లు చదివి ఈ జవాబు రాస్తున్నాను. వేలిముద్ర పడకపోవడంలో మీ పొరపాటు ఏమీ లేదు. చేతిపని చేసినవారికి వేలి గీతలు అరిగిపోతాయి, వయసుతో చర్మం బిగువు తగ్గి గీతల మధ్య లోతు తగ్గుతుంది. ఆధార్‌లో పది వేళ్ల ముద్రలూ తీసుకుని ఉంటారు కనుక, ఒక బొటనవేలు పడకపోతే మిగతా వేళ్లతో ప్రయత్నించమని అడిగే హక్కు మీకుంది. కనుపాప చూసే పరికరం ఉన్న చోట దానితోనూ చేయవచ్చు.

వీటన్నిటికంటే మీకు పనికివచ్చేది ముఖం చూపించే పద్ధతి. జీవన్ ప్రమాణ్ పేరుతో డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ 2014 నవంబరులో మొదలైంది. మొదట్లో వేలిముద్రో కనుపాపో తప్పనిసరి, పరికరం ఉన్నచోటికి వెళ్లక తప్పేది కాదు. 2021 నవంబరు నుంచి మామూలు ఆండ్రాయిడ్ ఫోను ముందు కెమెరాతోనే ఇంట్లో కూర్చుని చేసే వీలు కల్పించారు. దీనికి ఫోనులో రెండు యాప్‌లు కావాలి: ఆధార్ ఫేస్ ఆర్‌డీ ఒకటి, జీవన్ ప్రమాణ్ మరొకటి. పని రెండు భాగాలుగా జరుగుతుంది. ముందుగా ఫోను నడిపే మనిషి తన ఆధార్‌తో, ముఖంతో తనను నమోదు చేసుకుంటారు. అది మీరే కావచ్చు, మీ పక్కింటి అబ్బాయి కావచ్చు. తరువాత పింఛనుదారు ఆధార్ నంబరు, ఫోను నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది. పీపీఓ నంబరు (పింఛను మంజూరు ఉత్తర్వు మీద ఉండే సంఖ్య), బ్యాంకు ఖాతా వివరాలు నింపి, చివరగా ముఖం చూపించాలి. అంతా సరిగా జరిగితే ప్రమాణ్ ఐడీ అనే సంఖ్య మీ ఫోనుకు సందేశంగా వస్తుంది. దాన్ని డైరీలో రాసుకోండి. బ్యాంకు దాన్ని స్వీకరించిందో లేదో కొన్ని రోజుల తరువాత చూసుకోవడం మాత్రం మరవవద్దు. పీపీఓ నంబరులో ఒక్క అంకె తప్పినా తిరస్కరిస్తారు.

ముఖం చూపించే దగ్గర చాలామంది ఆగిపోతారు కనుక ఆ ఒక్క నిమిషం గురించి వివరంగా చెబుతాను. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ముఖం నల్లగా పడుతుంది. కిటికీకి ఎదురుగా, వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోండి. కళ్లజోడు తీసేయండి. ఫోనును ఒళ్లో పెట్టుకుని వంగి చూడకుండా, మరొకరిని మీ ముఖానికి ఎదురుగా పట్టుకోమనండి. కళ్లార్పమని అడిగినప్పుడు గబగబా కాకుండా, నిద్రకు మూసినట్టు నిండుగా మూసి తెరవండి. ఒకసారి కాకపోతే కంగారు పడకుండా మళ్లీ చేయండి.

కేంద్ర ప్రభుత్వ, రైల్వే పింఛనుదారులకు నవంబరు నెల ఉంటుంది. 80 ఏళ్లు నిండినవారికి అక్టోబరు 1 నుంచే అవకాశమిచ్చారు, మీకు ఆరేళ్ల తరువాత పనికివస్తుంది. ఈపీఎస్ (భవిష్య నిధి సంస్థ ఇచ్చే ఉద్యోగుల పింఛను) పింఛనుదారులైతే ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వవచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదారుల గడువు వేరుగా ఉంటుంది కనుక వారు ట్రెజరీలో అడగడం మంచిది.

ఫోను వద్దనుకుంటే పాత దారులు మూసుకుపోలేదు. బ్యాంకు శాఖలో స్వయంగా కనిపించి కాగితం మీద ఇవ్వవచ్చు. 70 ఏళ్లు దాటినవారికి, నడవలేని వారికి ఇంటి దగ్గరే కొన్ని సేవలు అందించాలని, లైఫ్ సర్టిఫికెట్ తీసుకోవడం కూడా అందులో ఉండాలని రిజర్వు బ్యాంకు 2017 నవంబరు 9న బ్యాంకులన్నిటికీ ఆదేశమిచ్చింది. మీకు 74 కనుక ఆ మాట కౌంటరులో నిస్సంకోచంగా చెప్పండి. పోస్టుమ్యాన్ ఇంటికి వచ్చి చేసే ఏర్పాటు 2020 నుంచి ఉంది, రుసుము ఎంతో ముందే అడగండి. ఇంకొక మనవి: గుంతకల్లు రైల్వే డివిజన్ కేంద్రం, మీ వీధిలోనే మీవంటి పింఛనుదారులు ఎంతోమంది ఉంటారు. ఒకసారి నమోదైన మనిషి ఒకే ఫోనుతో ఎంతమందికైనా చేయవచ్చు. మీలో ఒకరు నేర్చుకుంటే, నవంబరు మొదటి వారంలో ఒక ఆదివారం పొద్దున అందరూ ఒకచోట కూర్చుంటే, ఎవరి కొడుకూ సెలవు పెట్టనక్కరలేదు.

ప్రశ్న: మా నాన్నగారు రిటైర్డు ఉపాధ్యాయులు, 71 ఏళ్లు. పోలీసు దుస్తులలో ఉన్న మనిషి వీడియో కాల్ చేసి, ఆయన ఆధార్‌తో నేరం జరిగిందని, డిజిటల్ అరెస్టు చేశామని బెదిరించి, రెండు గంటలు గదిలో నుంచి కదలనివ్వకుండా ఎనభై వేలు పంపించుకున్నాడు. నాన్నగారు మాకు మూడు రోజుల తరువాత చెప్పారు. అప్పటి నుంచి ఫోను ముట్టుకోవడం లేదు. మేము కూడా ఆయన ఫోనులో చెల్లింపుల యాప్‌లన్నీ తీసేశాము. మేము చేసింది సరైనదేనా?
— ఒక పాఠకుడు, కడప

జవాబు: ముందు చేయవలసింది చెప్పి, తరువాత మీ ప్రశ్నకు వస్తాను. ఇంకా ఫిర్యాదు చేయకపోతే ఈ పత్రిక పక్కన పెట్టి 1930కు ఫోను చేయండి, సైబర్ నేరాల జాతీయ పోర్టల్‌లో నమోదు చేయండి, బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వండి. మోసగాళ్లు డబ్బును ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు నిమిషాలలో దాటిస్తారు. 1930కు సమాచారం అందగానే ఆ ఖాతాలున్న బ్యాంకులకు కబురు వెళ్లి, అప్పటికి ఇంకా కదలని సొమ్మును నిలిపివేస్తారు. అందుకే మొదటి గంట విలువ చాలా ఎక్కువ. ఆలస్యమైనా ఫిర్యాదు చేయక మానకండి.

డిజిటల్ అరెస్టు అన్నది మన చట్టంలో ఎక్కడా లేదు. పోలీసులు కానీ, సీబీఐ కానీ, కోర్టు కానీ వీడియో కాల్‌లో ఎవరినీ అరెస్టు చేయరు, విచారణ పేరుతో డబ్బు పంపమని అడగరు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో ఈ మోసం గురించి దేశమంతటికీ హెచ్చరిక చేశారు. అంబాలాకు చెందిన వృద్ధ దంపతులు ఇటువంటి మోసానికి గురై రాసుకున్న లేఖను చూసి, 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు తనంతట తాను కేసు చేపట్టింది. చదువుకున్నవారు, పెద్ద ఉద్యోగాలు చేసినవారు సైతం ఈ ఉచ్చులో పడ్డారు. ఎన్నడూ పోలీసు స్టేషను గడప తొక్కకుండా, పరువే ఆస్తిగా బతికిన తరం వారిది. ఆ పరువునే మోసగాడు పట్టుకుంటాడు. మీ నాన్నగారు అమాయకులై మోసపోలేదు, మర్యాదస్థులై మోసపోయారు. ఈ మాట ఆయనకు మీరు చెప్పాలి.

నన్ను ఎక్కువగా బాధించింది ఆ మూడు రోజులు. ఎనభై వేలు పోయిన మనిషి మూడు రోజులు అన్నం తింటూ, పేపరు చదువుతూ, మీ మధ్యే ఉండి చెప్పలేకపోయారంటే, చెబితే ఏమంటారోనన్న భయం ఆ డబ్బు కంటే పెద్దదై కూర్చుంది. ఇంట్లో అందరూ కలిసి ఒక మాట అనుకోండి: ఎవరికి ఎటువంటి కాల్ వచ్చినా, ఎంత పోయినా, ముందు చెప్పినవారిని ఎవరూ ఒక్క మాట అనకూడదు. నాకు తెలిసినంతలో ఏ యాప్ కంటే ఈ ఒప్పందమే గట్టి తాళం.

ఇక మీరు చేసినదాని గురించి. చెల్లింపుల యాప్‌లన్నీ తీసేయడంతో నేను ఏకీభవించను. జేబుదొంగ పర్సు కొట్టేశాడని నాన్నగారి చేతికి ఇక పర్సే ఇవ్వబోమంటే ఆయనకు ఎలా ఉంటుంది? ఆయన పేరున మరొక పొదుపు ఖాతా తెరిచి, అందులో నెల ఖర్చుకు సరిపడా మూడు నాలుగు వేలు మాత్రమే ఉంచి, యూపీఐని ఆ ఖాతాకే కలపండి. పింఛను పడే ఖాతాకు కలపవద్దు. పోతే ఆ మూడు వేలే పోతాయి. యూపీఐ సర్కిల్ అనే ఏర్పాటు 2024లో వచ్చింది. ఒకరి ఖాతా నుంచి ఇంటిలోని మరొకరు, ఒక్కో చెల్లింపుకు 5,000, నెలకు 15,000 రూపాయలు మించకుండా ఖర్చు చేసుకునేలా అనుమతి ఇవ్వవచ్చు. కొంతకాలం అది కూడా పనికివస్తుంది.

ఆయనతో కూర్చుని కొన్ని సంగతులు మాట్లాడండి. డబ్బు మనకు రావడానికి పిన్ కొట్టనక్కరలేదు, పిన్ అడుగుతున్నారంటే మన ఖాతా నుంచి పోతున్నదని అర్థం. వాట్సాప్‌లో వచ్చే ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే, అది ఫోనులోకి యాప్‌ను ఎక్కించే ఫైలు, పెళ్లి పత్రిక అన్నా, ప్రభుత్వ పథకం అన్నా తెరవకూడదు. బ్యాంకు పేరు చెప్పి కాల్ వస్తే పెట్టేసి, పాస్‌బుక్ మీద ఉన్న నంబరుకు మనమే చేయాలి. బ్యాంకుకు ఫిర్యాదు చేసిన తరువాత కూడా అనధికారంగా డబ్బు పోతే, ఆ నష్టం బ్యాంకే భరించాలని రిజర్వు బ్యాంకు 2017 నుంచి నియమం పెట్టింది. కనుక ఫిర్యాదు నంబరు, సమయం రాసి పెట్టుకోవాలి.

ప్రశ్న: సేద్యగాణ్ణి. 66 ఏళ్లు. నాకు బటన్ ఫోను చాలు. అంగట్లో, బ్యాంకులో అందరూ టచ్ ఫోను కొనమంటారు. కొనకపోతే పనులు ఆగిపోతాయా?
— ఒక పాఠకుడు, పత్తికొండ

జవాబు: ఆగిపోవు. మీకు అక్కరలేని వస్తువును భయపడి కొనవద్దు. బ్యాంకు కౌంటరు, పాస్‌బుక్ మీ హక్కు. బటన్ ఫోనుతోనే డబ్బు పంపాలనుకుంటే, 2022 మార్చి 8న యూపీఐ 123పే మొదలైంది. ఒక నంబరుకు కాల్ చేసి, అది చెప్పినట్లు అంకెలు నొక్కితే సరిపోతుంది, ఇంటర్నెట్ ఉండనవసరం లేదు. స్టార్ 99 హ్యాష్ కొట్టి నిల్వ చూసుకునే పద్ధతి అంతకు ముందు నుంచే ఉంది. మీ ఖాతాకు ఫోను నంబరు కలిపి ఉందో లేదో మాత్రం బ్యాంకులో అడిగి చూసుకోండి.

ధ్రువపత్రాలు, బిల్లుల వంటి పనులకు గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు ఉంటారు. ఇంట్లో ఎవరి దగ్గరైనా వాట్సాప్ ఉంటే, రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న మొదలుపెట్టిన మన మిత్ర నంబరు 95523 00009కు సందేశం పంపి అనేక సేవలు పొందవచ్చు. అయితే వాట్సాప్ వచ్చింది కదా అని సచివాలయానికి వచ్చిన ముసలివాళ్లను "ఫోనులో చేసుకోండి" అని తిప్పి పంపడం న్యాయం కాదు, అలా పంపితే గట్టిగా అడగండి.

ప్రశ్న: మేము నలుగురం డిగ్రీ విద్యార్థులం. మా పేటలోని పెద్దవాళ్లకు ఆదివారాలు ఫోను పాఠాలు చెప్పాలనుకుంటున్నాము. ప్రభుత్వ శిక్షణ ఏదైనా ఉందా? ఎలా మొదలుపెట్టాలి?
— ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: మీ ఉత్తరం నాకు కలిగించిన సంతోషం ఇంతా అంతా కాదు. మీరు చేయబోయే పని ఎంత అవసరమో ఒక వాస్తవం చెబితే తెలుస్తుంది. గ్రామీణ ప్రాంతాలలో ఆరు కోట్ల కుటుంబాలకు, ఇంటికి ఒకరి చొప్పున డిజిటల్ అక్షరాస్యత నేర్పాలని కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్‌ను చేపట్టింది. 20 గంటల శిక్షణ, చివర పరీక్ష. 2024 మార్చి 31తో అది ముగిసింది. కోట్లమందికి మేలు చేసిన పథకమే. కానీ అందులో చేరడానికి వయసు 14 నుంచి 60 ఏళ్ల వరకే. అంటే ఎవరికి నేర్పేవాళ్లు ఇంట్లోనూ బయటా కరువో, సరిగ్గా ఆ అరవై దాటినవారికే తలుపు మూసి ఉంది. ఇంటికి ఒకరు నేర్చుకుంటే మిగతావారికి వారే నేర్పుతారని అనుకొని ఉండవచ్చు. ఆ నేర్పడం ఇళ్లలో ఎలా సాగుతుందో పైన ఆదోని పాఠకురాలి ఉత్తరం చెబుతోంది.

చట్టం మాత్రం ఒక అడుగు ముందుకు వేసింది. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు బ్యాంకు ఖాతాకు కేవైసీ (ఖాతాదారు గుర్తింపు నిర్ధారణ) చేయించుకోబోతే, కళ్లార్పలేకపోయారని యంత్రం తిరస్కరించిన సంగతి మీద సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు ఇస్తూ, డిజిటల్ సేవలు అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని ప్రకటించింది. జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహాదేవన్‌ల ధర్మాసనం ఇచ్చిన ఆ తీర్పు వికలాంగుల కేసు మీద వచ్చినదే అయినా, గుంతకల్లు పెద్దాయన వేలిముద్ర కథ కూడా అటువంటిదే కదా.

ఎలా మొదలుపెట్టాలంటే, ముందు బల్లలు, ప్రొజెక్టరు అన్న ఆలోచన మానండి. గోడ మీద బొమ్మ చూపి ఇరవైమందికి ఒకేసారి చెబితే ఇరవైమందీ తలూపి ఇంటికి వెళ్తారు. ఎందుకంటే ఒక్కొక్కరి ఫోను ఒక్కోలా ఉంటుంది. మీరు నలుగురు కనుక ఎనిమిదిమందిని మించి పిలవకండి, ఒక్కొక్కరు ఇద్దరి పక్కన కూర్చోండి. ఎవరి ఫోనుతో వారికే నేర్పండి. గుడి మండపమో, దర్గా ఆవరణో, వారు రోజూ కూర్చునే చోటికే మీరు వెళ్లండి. ఎండాకాలంలో కర్నూలు ఎండకు పొద్దున ఎనిమిది దాటితే ఎవరూ రారు కనుక ఆరున్నరకే మొదలుపెట్టండి. ఆడవారికి విడిగా కూర్చునే వీలు కల్పించండి. మగవారి ముందు తప్పు చేయడానికి సంకోచించి వారు ఫోను బయటికే తీయరు. ఇంట్లో ఒకే ఫోను ఉండి అది కొడుకు చేతిలో ఉంటే, ఆ ఆదివారం ఒక్క గంట ఇవ్వమని ఆ కొడుకును మీరే అడగండి.

ఒక కట్టుబాటు తప్పనిసరి. వారి పిన్, ఓటీపీ, పాస్‌బుక్ మీరు చూడరాదు, చెప్పబోయినా వద్దనండి. పిన్ కొట్టే సమయంలో మొహం పక్కకు తిప్పుకోండి. మీరు మంచివాళ్లే, కానీ "నేర్పడానికి వచ్చిన అబ్బాయికి చెప్పవచ్చు" అని వారికి అలవాటైతే, రేపు మరొకడు నేర్పే వేషంలోనే వస్తాడు. 1930, వృద్ధుల సహాయ కేంద్రం 14567, ఈ రెండు నంబర్లను మొదటి పాఠం రోజే వారి ఫోనులో వారి చేతనే దాచిపెట్టించండి.

ప్రశ్న: మా కొడుకు కువైట్‌లో ఉంటాడు. మనవరాలు కాలేజీకి పోయినాక నాకు ఫోను చేసి ఇచ్చేవాళ్లు లేరు. వాడు చేస్తే ఎత్తడం తెలుసు. నా అంతట నేను వానికి చేయాలంటే ఎట్లా? వాని ముఖం చూడాలని ఉంటుంది.
— ఒక పెద్దావిడ, సిద్ధవటం

జవాబు: అవ్వా, రూళ్ల కాగితం మీద మీరు పెన్సిలుతో రాసిన ఉత్తరం అందింది. మీరు సగం నేర్చేసుకున్నారు. కాల్ ఎత్తడం తెలిసినవారికి చేయడం ఒక్క రోజు పని.

మనవరాలు సెలవులకు వచ్చినప్పుడు ఆమె చేత ఒకే ఒక పని చేయించుకోండి. మీ అబ్బాయి ఏ యాప్‌లో మాట్లాడతాడో అందులో అతని పేరు తెరిచి, ఫోటో పెట్టి, ఆ పేరును ఫోను మొదటి తెర మీదికి తెచ్చి పెట్టమనండి. వాట్సాప్ అయితే మూలన ఉండే మూడు చుక్కలు నొక్కితే షార్ట్‌కట్ అనే మాట కనిపిస్తుంది, ఆమెకు తెలుస్తుంది. మొదటి తెర మీద ఇంకే బొమ్మలూ లేకుండా తీసేయమనండి. ఫోను తెరవగానే మీకు మీ కొడుకు ముఖం ఒక్కటే కనబడాలి.

ఆ ముఖం మీద ఒకసారి తాకితే వాని పేరు ఉన్న తెర తెరుచుకుంటుంది. పైన కుడి వైపు కెమెరా బొమ్మ ఉంటుంది, సినిమా తీసే పెట్టె మాదిరి. దాన్ని తాకితే కాల్ పోతుంది. మనవరాలు ఎదురుగా ఉండగానే మీ చేతితో ఒక పదిసార్లు చేసి చూడండి, ఆమెను మాత్రం ఫోను ముట్టుకోనివ్వకండి. మీ అబ్బాయికి ముందే చెబితే, అన్నిసార్లు కాల్ వచ్చినా కంగారుపడడు.

అక్కడి సమయం మనకంటే రెండున్నర గంటలు వెనుక. మనకు రాత్రి తొమ్మిదిన్నర అయితే వానికి ఏడు గంటలు, పని నుంచి గదికి వచ్చి ఉంటాడు.